నాన్న మొక్కు బాకీ

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు మిర్చి యార్డులో మాకు ఊపిరాడదు. కొత్త పంట దిగుతుంటుంది. తెల్లారేసరికి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గుట్టలు గుట్టలుగా పడుంటాయి, మోసినోడికి మోసినంత. అలాంటి రోజుల్లో మూడు రోజులు సెలవు కావాలంటే మేస్త్రి నన్ను ఎగాదిగా చూశాడు.

"మళ్ళీ మొదలెట్టావా?"

"లేదన్నా, గుణదల పోతున్నా. నడిచి."

ఆయన నమ్మలేదు. పదిహేనేళ్ళలో నేను ఎన్ని చావులు చెప్పి సెలవు తీసుకున్నానో ఆయనకి తెలుసు. మా మేనమామని రెండుసార్లు చంపాను.

అసలు మొక్కు నాది కాదు, మా నాన్నది. 2009 తిరునాళ్ళలో బెజవాడలోని గుణదల కొండ మీది మరియమాత ముందు నిలబడి "వచ్చే ఏడు గుంటూరు నుంచి నడిచొస్తా, తలనీలాలిస్తా, మందు ముట్టను" అని మొక్కుకున్నాడు. ఆ వచ్చే ఏడు రాలేదు. వానాకాలంలోనే కామెర్లు ముదిరి, పొట్ట నీరు పట్టి పోయాడు. అప్పటికి ఆయనకి 54. అప్పటి నుంచీ మా అమ్మది ఒకటే పాట: "మీ నాన్న మాతకి బాకీ పడి పోయాడ్రా."

నాన్న మొక్కుల సంగతి కొంచెం చెప్పాలి. చిన్నప్పుడు ఏటా ఫిబ్రవరిలో మమ్మల్ని గుణదల తీసుకెళ్ళేవాడు. గుండు చేయించుకునేవాడు, కొవ్వొత్తులు వెలిగించేవాడు, కొబ్బరికాయ కొట్టేవాడు, మోకాళ్ళ మీద పడి ఏడ్చేవాడు. నిజంగానే ఏడ్చేవాడు, నటన కాదు. తిరుగు ప్రయాణంలో బెజవాడ బస్టాండులో మమ్మల్ని కూర్చోబెట్టి "ఇప్పుడే వస్తా" అని వెళ్ళేవాడు. గుండు మీద గంధం ఆరేలోపే వాసన వచ్చేది. అమ్మ ఏమీ అనేది కాదు, ఒళ్ళో ఉన్న కొబ్బరి చిప్పల వంక చూస్తూ కూర్చునేది.

ఇంకో విచిత్రం, తపస్కాలం నలభై రోజులూ ఆయన చుక్క ముట్టడు. విభూది బుధవారం నుంచి ఈస్టరు దాకా మా ఇంట్లో పండగే. ఈస్టరు రాత్రికి మాత్రం నలభై రోజుల బాకీ తీర్చుకునేవాడు. "నేను తాగుబోతునైతే నలభై రోజులు ఎట్టా ఆపుతానే?" అని అమ్మతో వాదించేవాడు. ఇదే మాట ఇరవయ్యేళ్ళ తర్వాత నేను మా ఆవిడతో అన్నాను. అనేటప్పుడు ఆ మాట ఎక్కడో విన్నట్టు కూడా నాకు తోచలేదు.

తాత సారా తాగేవాడు. నాన్న చేతికొచ్చేసరికి అది ప్యాకెట్లలోకి వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించాక ఆ మంట రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా ఆపారు. 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు. 1997లో ఎత్తేశారు. ఆ రెండేళ్ళలో కూడా నాన్న ఎక్కడెక్కడి నుంచో నాటుసారా సంపాదించేవాడు గానీ, రోజూ దొరికేది కాదు. అమ్మ తన పెళ్ళయ్యాక మొదటిసారి చెవులకి బంగారం పెట్టుకుంది అప్పుడే. ఎత్తేశాక ఆ పోగులు ఏమయ్యాయో చెప్పక్కర్లేదు.

నాకో అలవాటుండేది. రాత్రిపూట పడుకుని నాన్న సైకిల్ శబ్దం కోసం వినేవాణ్ణి. స్టాండు 'టక్' మని పడితే ఫర్వాలేదు. సైకిల్ గోడకి రాసుకున్న చప్పుడు వస్తే కళ్ళు మూసుకుని నిద్రపోయినట్టు నటించాలి.

నేను 19 ఏళ్ళకి యార్డులో చేరాను. మిరపకాయ ఘాటుకి గొంతు మండుతుంది, దుమ్ముకి ఛాతీ పట్టేస్తుంది, నలభై కిలోలు దాటిన టిక్కీలు మోసీ మోసీ నడుం విరుగుతుంది. తాగడానికి ఇంతకంటే మంచి సాకులు ఏ పనిలోనూ దొరకవు. మొదట ఆదివారాలు, తర్వాత సాయంత్రాలు, చివరికి పొద్దున్నే చేతులు వణక్కుండా ఉండటానికి ఒక క్వార్టర్.

నాన్న ఒకసారి పంతం పట్టి ఒక్కసారిగా మానేశాడు. మూడో రోజు ఫిట్స్ వచ్చాయి, గోడ మీద ఏవో పాకుతున్నాయని అరిచాడు. ఇంటికొచ్చిన వాళ్ళు దయ్యం పట్టిందన్నారు. ఎవరో కొంచెం మందు పట్టిస్తే తగ్గింది. అంతే, మానితే చస్తాడు, తాగితే బతుకుతాడు అని ఇంట్లో అందరం నమ్మేశాం. 2022 నవంబరులో నాకూ అలాగే అయ్యేది, మా ఆవిడ ముందే ఆసుపత్రిలో పడేసింది కాబట్టి బతికిపోయాను. అక్కడ డాక్టరు చెప్పాడు: ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఉన్నట్టుండి మానేస్తే ఒళ్ళు తిరగబడుతుంది, మందులతో మెల్లగా దించాలి, బీ1 విటమిన్ ఎక్కించాలి, ఇంట్లో ప్రయోగాలు చెయ్యకూడదు అని. ఇది ఎందుకు ఇంత వివరంగా రాస్తున్నానంటే, దేవుణ్ణి నమ్ముకున్న ఇళ్ళల్లోనే ఈ ప్రయోగాలు ఎక్కువ జరగడం చూశాను. ప్రార్థన చెయ్యండి, ఆసుపత్రికి కూడా తీసుకెళ్ళండి.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకి వెళ్ళడం మొదలుపెట్టాను. మాలాంటి వాళ్ళం ఒక గదిలో కూర్చుని, 'ఈ ఒక్కరోజుకి తాగను' అనుకుని లేచి వస్తాం. జన్మలో ముట్టనని మాతకి మాటిచ్చిన వంశం మాది. ఒక్కరోజు లెక్క నాకు మొదట్లో నామోషీగా ఉండేది.

అలా పద్నాలుగు నెలలు దాటాక, 2024 ఫిబ్రవరి 9 సాయంత్రం పదకొండు మందిమి గుంటూరులో బయల్దేరాం. మా ఆవిడ దారిఖర్చు డబ్బులు నా చేతికివ్వలేదు, మావాడి జేబులో పెట్టి పిన్నీసు గుచ్చింది. వాడు పదో తరగతి, మార్చిలో పరీక్షలు. "పాసవ్వాలని మొక్కుకుంటా" అని వస్తున్నాడు గానీ, వాడు నాకు కాపలా అని ఆ పదకొండు మందికీ తెలుసు.

పెదకాకాని దాటేసరికి చీకటి పడింది. హైవే పక్కన లారీల గాలికి కొవ్వొత్తి నిలవదు, సెల్‌ఫోన్ లైట్లతోనే నడిచాం. జపమాల చెప్పుకుంటూ నడిస్తే అడుగు దానంతటదే పడుతుంది: "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా వందనము" అంటే నాలుగడుగులు. నంబూరు, కాజ. కాజ దగ్గర నా ఎడమ మడమ బొబ్బెక్కింది. మావాడు చెప్పులు తీసి చేత్తో పట్టుకున్నాడు.

మంగళగిరిలో ఆగి పులిహోర పొట్లాలు విప్పాం. మాతో వచ్చిన, చర్చిలో జపాలు నేర్పే ఉపదేశి తాతయ్యకి డెబ్బై దాటాయి, మాలో అందరికంటే బాగా నడుస్తున్నాడు. ఆయన్ని చాలా రోజులుగా నన్ను తొలిచే మాట అడిగాను. ఒకసారి మా ఆవిడ నన్ను ఒక ప్రార్థన కూటానికి లాక్కెళ్ళింది. అక్కడ ప్రసంగం చేసినాయన, మీ పితరుల శాపం మూడు నాలుగు తరాలు వెంటాడుతుంది, అది తెంచాలంటే ప్రత్యేక ప్రార్థన, ప్రత్యేక కానుక అన్నాడు. తాత, నాన్న, నేను. లెక్క సరిపోయింది. నాలుగోవాడు నా పక్కనే కూర్చుని పులిహోర తింటున్నాడు.

తాతయ్య నవ్వి, "బైబిల్లో యెహెజ్కేలు పద్దెనిమిదో అధ్యాయం చదివావా?" అన్నాడు. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్ళు పులిశాయని ఇశ్రాయేలీయుల్లో ఒక సామెత ఉండేదట. ఇకమీదట ఆ సామెత నా ముందు పలకొద్దని దేవుడే అన్నాడట. "తాగేవాడి కొడుకు తాగడం నేర్చుకుంటాడు. నేర్చుకున్నదాన్ని శాపం అంటే ఎట్టా?" అని చేతులు కడుక్కుని లేచాడు. నాకు అందులో కొంత ఊరట, కొంత భయం. శాపమైతే నా చేతుల్లో లేదని అనుకోవచ్చు. నేర్పిందైతే నేర్పినవాణ్ణి నేనే.

తెల్లవారుజామున సీతానగరం వైపు నుంచి ప్రకాశం బ్యారేజీ ఎక్కాం. కృష్ణ మీద మంచు. ఎదురుగా ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడి లైట్లు. మావాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు అటు తిరిగి దణ్ణం పెట్టారు, ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ మాటకొస్తే గుణదల కొండ మీద కొబ్బరికాయ కొట్టేవాళ్ళలో చాలామంది బొట్టు పెట్టుకున్నవాళ్ళే.

ఏలూరు రోడ్డు మీద నడుస్తుంటే మద్యం దుకాణం ఒకటి ఇంకా తెరవలేదు. అప్పట్లో దుకాణాలు ప్రభుత్వమే నడిపేది. అప్పుడే నలుగురు షట్టర్ ముందు నిలబడ్డారు. అందులో ఒకతని చేతులు వణుకుతున్నాయి. మావాడు నా పక్కకి వచ్చి ఆ దుకాణానికీ నాకూ మధ్యలో నడిచాడు. దాటాక మళ్ళీ వెనక్కి పోయాడు.

గుణదలలో మాత తొలి విగ్రహాన్ని 1924లో ఫాదర్ అర్లాటి అనే ఇటలీ గురువు పెట్టారు, అప్పుడాయన అక్కడి అనాథ పిల్లల బడి చూసుకునేవారు. అంటే మేం వెళ్ళిన ఏడాదికి నూరేళ్ళు. ఫిబ్రవరి 11నే పెద్ద పండగ ఎందుకంటే, 1858లో అదే రోజున ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ళ పిల్లకి మాత మొదటిసారి కనబడింది. వాళ్ళ నాన్న మిల్లు పోగొట్టుకుని కూలికి పోయేవాడని, కుటుంబమంతా ఒకప్పటి జైలు గదిలో ఉండేదని మావాడే చెప్పాడు, ఫోన్లో చదివి. "జైలు గదిలోనా?" అన్నాను. "మనింటికంటే చిన్నదంట" అన్నాడు.

తలనీలాల దగ్గర పెద్ద వరస. క్షురకుడు "ఏం మొక్కు?" అంటే "మా నాన్నది" అన్నాను. గుండు మీద చల్లగా నీళ్ళు పడ్డప్పుడు నాన్న తల గుర్తొచ్చింది. నేను మాత్రం ఏ మొక్కూ మొక్కుకోలేదు. గుహలో మాత ముందు నిలబడి, "ఇది పాత బాకీ, తీసుకో" అన్నానంతే. కొత్త మాట ఇవ్వడానికి భయమేసింది.

ఆ తర్వాత పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోడానికి, వెళ్ళాను. పెళ్ళికి ముందు చేసిందే, మళ్ళీ ఇదే. నేను తాగి చేసినవన్నీ వరసపెట్టి చెప్పాను: అమ్మిన పుస్తెలు, కొట్టిన దెబ్బలు, చెప్పిన అబద్ధాలు. ఆ గురువు చాలా చిన్న వయసువాడు. అంతా విని, "తాగి చేసినవి చెప్పారు. ఈ పద్నాలుగు నెలల్లో తాగకుండా చేసినవి చెప్పండి" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. కూరలో ఉప్పు తక్కువైందని కంచం విసిరేసింది తాగి కాదు. ఫోను పగలగొట్టాడని మావాణ్ణి బెల్టుతో కొట్టింది తాగి కాదు. మందు మానాను కదా, ఇక నన్నెవరూ ఏమీ అనడానికి లేదన్నట్టు తిరుగుతున్నాను ఇంట్లో. ప్రాయశ్చిత్తం కింద జపాలు చెప్పమంటారనుకున్నా. "కొండ దిగేలోపు మీ అబ్బాయిని ఒక్క మాట అడగండి. మీరు ఇంటికి వస్తుంటే వాడేం చేస్తాడో. వాడేం చెప్పినా మీరు తిరిగి మాట్లాడకూడదు" అన్నాడు.

కొండ మీది సిలువ దాకా ఎక్కి, దిగేటప్పుడు అడిగాను. మావాడు చాలాసేపు మాట్లాడలేదు. నాలుగైదు మెట్లు దిగాక, "నీ బండి శబ్దం వినపడితే టీవీ ఆపేస్తాం. నేనూ చెల్లీ" అన్నాడు.

"ఇప్పుడు కూడానా?" అనబోయి ఆగాను. తిరిగి మాట్లాడకూడదు. ఆ మెట్ల మీద నా చెవిలో సైకిల్ గోడకి రాసుకున్న చప్పుడు వినపడింది.

రాత్రి అక్కడే పడుకుని, పదకొండున ఆదివారం పండగ పూజ చూసుకుని బస్టాండుకి వచ్చాం. నాన్న మమ్మల్ని కూర్చోబెట్టే చోటు ఎక్కడో వెతికాను, అంతా మారిపోయింది. మావాడు పిన్నీసు తీసి టిక్కెట్లు కొన్నాడు. మా ఆవిడ ఫోన్ చేసి ముందు వాడితో మాట్లాడింది. "అమ్మా, ఫోన్లో వాసన రాదు గానీ, బానే ఉన్నాడు" అన్నాడు వాడు. పక్క సీట్లో ఆవిడ నవ్వింది.

ఇల్లు చేరేసరికి చీకటి పడింది. మా ఆవిడ రోజూలాగే గుమ్మంలో నా ముఖం దగ్గరికి ముఖం పెట్టింది. అడక్కముందే నోరు తెరిచాను.

"కొబ్బరి తిన్నావా?" అంది.

లోపల మా చిన్నది టీవీ చూస్తూనే ఉంది. బస్సులో వచ్చి నడిచొచ్చాం, బండి శబ్దం లేదు కదా, తెలిసి ఉండదు. రేపు యార్డు నుంచి బండి మీద వచ్చినప్పుడు చూడాలి.