తడి గుడ్డు మీద సాలీడు నిలవదు

అక్టోబరు 30, రాత్రి

రేపు సాయంత్రం హాలోవీన్ పార్టీ. దానికి డెవిల్డ్ ఎగ్స్, అంటే ఉడికించిన గుడ్డులోంచి పచ్చసొన తీసి, మయొనేజ్‌తో ముద్ద చేసి తిరిగి నింపేవి. డజను గుడ్లు, మూడు రకాలు. నాలుగు గుడ్లకు నల్లటి సాలెగూడు గీతలు, నాలుగింటి మీద ఆలివ్ సాలీళ్లు, నాలుగేమో ఎర్ర నరాలు తేలిన కళ్లు. సాలెగూడు గుడ్లు నిలువుగా నిలబెట్టేవి కాబట్టి నాలుగే, మిగతావి సగాలు చేస్తే పదహారు. మొత్తం ఇరవై. పక్కన వేరే తిండి ఉంటే పది మందికి సరిపోతాయి. ఉడికించేది మాత్రం పద్నాలుగు. రెండైనా పెంకు తీసేటప్పుడు చిట్లుతాయి, అది ముందే లెక్కలో వేసుకోవాలి.

ఈ వంటలో చెడేదంతా దాదాపు తడి వల్లే. గుడ్డు తుడవకపోతే రంగు పాకుతుంది, ఆలివ్ ఆరకపోతే ముద్ద నల్లబడుతుంది, మయొనేజ్ ఎక్కువైతే ముద్ద జారిపోతుంది. అలంకారం గురించి అందరూ చెబుతారు, తుడవడానికి పొడి గుడ్డ ఒకటి దగ్గర పెట్టుకోమని ఎవరూ చెప్పరు.

గుడ్లు ఈ రోజు తెచ్చినవి కాకూడదు. వారం, పది రోజుల కిందటివైతే మంచిది. తాజా గుడ్డులో తెల్లసొనకు క్షారగుణం తక్కువ, అందుకే పెంకు లోపలి పొరకు గట్టిగా అంటుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ కార్బన్ డయాక్సైడ్ పెంకులోని సన్నటి రంధ్రాల గుండా బయటికి పోయి, తెల్లసొన క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు పెంకు తేలిగ్గా ఊడుతుంది. ఉడికించే ముందు రోజు రాత్రే గుడ్ల అట్టను పక్కకు పడుకోబెట్టాలి, లేకపోతే పచ్చసొన ఒక అంచుకు చేరుతుంది. కళ్లు చేసేవాళ్లకి ఇది ముఖ్యం. సొన పక్కకు జరిగితే ఒకవైపు గోడ పల్చబడి, చెంచా తగలగానే చిరుగుతుంది.

నీళ్లు ముందే మరగాలి. చల్లటి నీళ్లలో వేసి మెల్లగా వేడి చేస్తే తెల్లసొన పొరకు అతుక్కుంటుంది. మరుగుతున్న నీళ్లలో వేస్తే బయటి భాగం చటుక్కున గట్టిపడి పొరను వదిలేస్తుంది. గరిటెతో ఒక్కొక్కటిగా దింపి, మంట తగ్గించి, పెద్ద గుడ్డుకైతే 12 నిమిషాలు. మొదటి రెండు మూడు నిమిషాలు గరిటెతో మెల్లగా తిప్పుతూ ఉంటే సొన మధ్యలో కుదురుతుంది. ఆ తర్వాత ఐసు నీళ్లలో కనీసం 10 నిమిషాలు. ఇంతకన్నా ఎక్కువ ఉడికితే తెల్లసొనలోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్, పచ్చసొనలోని ఇనుము కలిసి సొన చుట్టూ ఆకుపచ్చ వలయం కడతాయి. దెయ్యాల పార్టీకి అదే తగిన రంగు అనుకోవచ్చు, తింటే హాని కూడా లేదు. కానీ అంత ఉడికిన గుడ్డు కంపు కొడుతుంది, తెల్లసొన రబ్బరులా సాగుతుంది.

ఇక సాలెగూడు. ఇది రాత్రే మొదలవ్వాలి, పొద్దున అనుకుంటే అవ్వదు. నాలుగు గుడ్లు పెంకుతోనే తీసుకుని, చెంచా వెనక భాగంతో చుట్టూ తడుతూ పోవాలి. గట్టిగా తడితే పెద్ద పగుళ్లు, మందమైన గీతలు. చిన్నగా, దగ్గర దగ్గరగా తడితే సన్నటి వల. రెండూ కలిసి ఉంటేనే చూడ్డానికి బాగుంటుంది. పెంకు ముక్క ఒక్కటి కూడా ఊడకూడదు. ఊడిన చోట గీత బదులు మచ్చ పడుతుంది. అందుకే బల్ల మీద దొర్లించడం నాకు నచ్చదు, చేతి ఒత్తిడి ఎక్కడ ఎంత పడుతుందో తెలియదు.

రంగుకు ఒక కప్పు నీళ్లు, అంటే 240 మి.లీ., అందులో నల్ల జెల్ ఫుడ్ కలర్ అర టీస్పూను. ద్రవం రంగు వేస్తే తెల్లారేసరికి బూడిద గీతలు మిగులుతాయి. వెనిగర్ వద్దు. పెంకుకే రంగు పట్టించాలంటే వెనిగర్ కావాలి గానీ, ఇక్కడ పెంకు రేపు చెత్తలోకి పోయేదే, పైగా ఎక్కువ పడితే అది పెంకును కొరికేసి గీతల అంచులు చెదరగొడుతుంది. గిన్నె కంటే జిప్ కవరు నయం. గాలి పిండేస్తే కొద్ది నీళ్లే నాలుగు గుడ్లనూ ముంచేస్తాయి. ఫ్రిజ్‌లో రాత్రంతా, కనీసం 8 గంటలు. కవరును ఒక గిన్నెలో పెట్టి మరీ ఫ్రిజ్‌లో పెట్టాలి, కారితే అరలన్నీ నలుపే.

కొనే రంగు ఇష్టం లేకపోతే సోయా సాస్ కలిపిన చిక్కటి టీ డికాక్షన్ గోధుమ గీతలు ఇస్తుంది. ఎర్ర క్యాబేజీ ఉడికించిన నీళ్లు ఊదాగా కనిపిస్తాయి గానీ, తెల్లసొన క్షారం కాబట్టి గుడ్డు మీద నీలం వైపు తిరుగుతాయి. దెయ్యానికి నీలం బాగానే నప్పుతుంది. బొగ్గు పొడి మాత్రం వద్దు. అది మందులను కడుపులోనే పట్టేసుకుంటుంది, వచ్చేవాళ్లలో ఎవరు ఏ మాత్ర వేసుకుంటున్నారో మనకు తెలియదు.

అక్టోబరు 31, మధ్యాహ్నం

పెంకు వెడల్పు కొన నుంచి తీయాలి. గాలి ఖాళీ అక్కడే ఉంటుంది, వేలు పొర కిందికి సులువుగా దూరుతుంది. తీసిన ప్రతి గుడ్డునూ పొడి గుడ్డ మీద పెట్టి, ఒత్తి ఆరబెట్టాలి.

సాలెగూడు గుడ్డును మామూలు అలవాటు ప్రకారం నిలువుగా కోసి, సగాలు వెల్లకిలా పెడితే అంత కష్టపడి వేసిన వల అంతా పళ్లెం వైపుకు పోతుంది, ఎవరికీ కనపడదు. కాబట్టి అడుగు కాస్త చెక్కి నిలబెట్టాలి, పైనుంచి మూడో వంతు టోపీలా కోయాలి, సొన తీసి ముద్ద నింపి, టోపీని ఒక పక్కకు ఒరిగేలా తిరిగి పెట్టాలి. సాలీడు గుడ్లు నిలువుగా, కళ్లవి అడ్డంగా కోయాలి, గుండ్రంగా వస్తాయి. వీటికీ అడుగు చెక్కాలి, లేకపోతే పళ్లెం కదిలినప్పుడల్లా దొర్లుతాయి. సన్నటి కత్తి, కోత కోతకూ తడిగుడ్డతో తుడవడం. కత్తికి అంటిన పచ్చసొన తెల్లటి అంచు మీద చారలు వేస్తుంది.

పన్నెండు పచ్చసొనలను జల్లెడలో రుద్దాలి. ఫోర్కుతో చిదిపితే మిగిలే ఉండలే, ముద్దను గుడ్డులోకి పిండే పైపింగ్ కవరు మూతికి అడ్డం పడతాయి. మయొనేజ్ ఆరు టేబుల్ స్పూన్ల వరకు పడుతుంది, కానీ ముందు నాలుగే వేయాలి. మస్టర్డ్ సాస్ రెండు టీస్పూన్లు, నిమ్మరసం ఒక టీస్పూను, కారం అర టీస్పూను, ఉప్పు పావు టీస్పూనే. ఆలివ్‌లలో ఉప్పు ఉంది కదా. చెంచాతో ఎత్తితే మొన నిలిచిన చోట ఆగిపోవాలి. అప్పటికే జారుతుంటే చిట్లిన గుడ్ల సొనలు ఉన్నాయి, అవి కలిపి అరగంట ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది. జిప్ కవరు మూల ఒక సెంటీమీటరు కత్తిరిస్తే పైపింగ్‌కు చాలు.

సాలీడుకు గింజ తీసిన నల్ల ఆలివ్. డబ్బాలో దొరికే మెత్తటి నల్లవే కావాలి, ఊదా రంగు ఆలివ్‌లు రసం కార్చి ముద్దను మరక చేస్తాయి. పావుగంట గుడ్డ మీద ఆరనివ్వాలి. నిలువుగా రెండు చేసి, ఒక సగం బోర్లా పెడితే ఒళ్లు. ఇంకో సగాన్ని అడ్డంగా సన్నగా తరిగితే వంపు కాళ్లు వస్తాయి. ఒక్కో వైపు నాలుగు. ఎనిమిదీ ఒక సగంలో రాకపోతే ఇంకో ఆలివ్ కోయడమే. ఆరు కాళ్లతో సరిపెడితే అది చీమ, పిల్లలు వెంటనే పట్టేస్తారు. కాళ్లు ముందు గుచ్చి, ఒళ్లు తర్వాత. అలా చేస్తే కీళ్లు దాగిపోతాయి.

కళ్లకు ముద్దను చదునుగా సర్ది, ఎర్ర మిరప ముక్క కూరిన ఆకుపచ్చ ఆలివ్ బిళ్ల మధ్యలో పెడితే చాలు. నరాలు టూత్‌పిక్‌తో, ఎర్ర జెల్ రంగుతో గీయాలి. ద్రవం రంగు పాకిపోతుంది. ముద్ద అంచు నుంచి బయటికి, వంకరటింకరగా, చివర చీలేలా. సమంగా గీస్తే కన్నులా కాదు, సూర్యుడిలా కనిపిస్తుంది. ఒక్కో కంటికి ఐదారు గీతలు దాటితే అంతా ఎర్రటి గజిబిజి. ఇవి పెట్టాక పైన కవరు తగలకూడదు, గీతలు దానికి అంటుకుపోతాయి. మూతున్న ఎత్తు డబ్బాయే మేలు.

కళ్లకోసం లవంగాలో మిరియాలో గుచ్చే పద్ధతి ఒకటుంది. ఫోటోకు బాగుంటుంది, పిల్లల పంటి కింద పడితే బాగుండదు.

బయట పెట్టాక 2 గంటలకు మించకూడదు, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. ఇరవై ముక్కలూ ఒకేసారి పెట్టకుండా సగం ఫ్రిజ్‌లో ఉంచి, మొదటి పళ్లెం ఖాళీ అయ్యాక రెండోది తీయాలి. దూరం తీసుకెళ్లాలంటే ముద్ద కవరులో, తెల్లసొనలు డబ్బాలో పొడి గుడ్డ మీద, ఆలివ్‌లు విడిగా పెట్టుకుని అక్కడే నింపాలి.

మిగిలినవి రెండు రోజుల్లో అయిపోవాలి. ఆలివ్‌లతో సహా చిదిపి బ్రెడ్డులో పెట్టుకోవచ్చు. నల్ల గీతల తెల్లసొన శాండ్‌విచ్‌లో చూడ్డానికి అంత బాగుండదు గానీ రుచిలో ఏ తేడా ఉండదు.