పాత క్యాలెండరులో ఏడు శిఖరాలు

బుచ్చిరెడ్డిపాళెంలోని మా పాత ఇల్లు సర్దుతుండగా ట్రంకుపెట్టె అడుగున 2006 నాటి గోడ క్యాలెండరు దొరికింది. పాల లెక్కలు, గ్యాసుబండ వచ్చిన తేదీలు అమ్మ చేతిరాతతో ఉన్న ఆ కాగితాల్లో నేను వెదికింది మాత్రం పర్వతారోహకుడు మల్లి మస్తాన్‌బాబు తేదీలను. మాకు దగ్గర్లోని సంగం మండలం గాంధీ జనసంఘం ఆయన ఊరు. ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను ఆ ఏడాది 172 రోజుల్లో ఎక్కారాయన.

జనవరి 19, అంటార్కిటికాలోని విన్సన్: గురువారం. ఫిబ్రవరి 17, దక్షిణ అమెరికాలోని అకొంకాగువా: శుక్రవారం. మార్చి 15, ఆఫ్రికాలోని కిలిమంజారో: బుధవారం. ఏప్రిల్ 1, ఆస్ట్రేలియాలోని కోజియస్కో: శనివారం. మే 21, ఎవరెస్ట్: ఆదివారం. జూన్ 13, యూరప్‌లోని ఎల్‌బ్రస్: మంగళవారం. జులై 10, అలాస్కాలోని డెనాలి: సోమవారం. వారంలో ఏ రోజూ రెండోసారి రాలేదు! శిఖరం మీద ఏనాడు నిలబడాలో గాలీ మంచూ తేలుస్తాయి కనుక దీన్ని కాకతాళీయమనే అనుకుంటాను.

కాకతాళీయం కానిది ఆ వరుస. జనవరి, ఫిబ్రవరి నెలలు దక్షిణార్ధగోళానికి వేసవి కాబట్టి విన్సన్, అకొంకాగువా ముందు వచ్చాయి. కిలిమంజారో మీద పెద్ద వానలు ముదరకముందే మార్చిలో ఆ పని ముగిసింది. మనం కృత్తిక కార్తె ఎండకు తలుపులు మూసుకుని కూర్చునే మే మూడో వారంలో, రుతుపవనాలకు ముందు ఎవరెస్ట్ కొన మీద పెనుగాలులు కొద్దిరోజులు తగ్గుతాయి. ఆ తరువాత ఉత్తరాన ఎల్‌బ్రస్‌కూ డెనాలికీ వేసవి. ఎండ వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి సాగిన ప్రయాణమిది. ఒక్కచోట వాతావరణం మొండికేసినా మిగిలిన తేదీలన్నీ తారుమారవుతాయి. అందుకే నాకు 8,848 మీటర్ల ఎత్తుకన్నా ఈ లెక్కే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది.

2,228 మీటర్ల కోజియస్కోకు నడకదారి ఉంది. ఆస్ట్రేలియానూ చుట్టూ ఉన్న దీవులనూ ఒకే ఖండంగా తీసుకుని, దానికి బదులు ఇండోనేసియాలోని కార్‌స్టెన్జ్‌ను లెక్కించేవారున్నారు. 1985లో ఈ ఏడింటినీ మొదట పూర్తిచేసిన అమెరికన్ డిక్ బాస్ జాబితాలోనూ కోజియస్కోయే ఉంది కనుక ఆ వాదన నాకు పట్టదు.

2015 మార్చి 24న ఆండీస్‌లోని 6,748 మీటర్ల ట్రెస్ క్రూసెస్ సుర్‌ పర్వతం మీద మస్తాన్‌బాబు ఆచూకీ తెలియకుండా పోయింది. ఏప్రిల్ మొదట్లో మృతదేహం దొరికింది. దాన్ని అక్కడి నుంచి గాంధీ జనసంఘానికే తీసుకువచ్చారు.