ఉగాది పొద్దున ఎంసీబీ పడిపోయింది

ఇరవై రెండేళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. మా వంటింటి కూడిక ఒకటి మాత్రం మొన్న ఉగాది దాకా వేయలేదు.

ఆ పొద్దున గ్యాస్ పొయ్యి మీద ఒక పక్క పప్పు, ఇంకో పక్క పాయసం. పులిహోరకి అన్నం ఇండక్షన్ మీద పెట్టాను. అత్తయ్య కాఫీకని కెటిల్ స్విచ్ వేశారు. పాప పాలగిన్నె మైక్రోవేవ్‌లో పెట్టింది. నేను బొబ్బట్ల పూర్ణం మిక్సీలో మూడో వాయి తిప్పుతున్నాను, అంతే, అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మా ఆయన వెళ్లి డీబీలో, అంటే ఇంటి లైన్లన్నీ మొదలయ్యే స్విచ్‌ల పెట్టెలో, ఎంసీబీ పైకి లేపారు. కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడి లైను ఆపేసే స్విచ్ అది. కాసేపటికి మళ్లీ పడింది. మళ్లీ లేపారు. ఈసారి అది పడేలోపే కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది.

సాయంత్రం వచ్చిన ఎలక్ట్రీషియన్ డీబీ చూసి, "16 ఆంప్స్ ఎంసీబీ వేశారండి, అందుకే. 32 వేసేస్తే ఇక పడదు" అన్నాడు. మా ఆయనకి బాగా నచ్చింది, ఖర్చు తక్కువ కదా. నాకెందుకో ఆ వాసన ముక్కులోంచి పోలేదు. వద్దని పంపేసి, మర్నాడు మా స్కూల్ వైరింగ్ చూసే కుర్రాణ్ణి పిలిచాను.

అతను మెయిన్ ఆపి, గట్టు వెనక సాకెట్ విప్పాడు. కెటిల్ పెట్టే సాకెట్ అది. న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, స్క్రూ వదులైపోయి ఉంది. దాని దగ్గర తీగ మీది నల్ల తొడుగు గోధుమరంగుకి తిరిగింది. గోటితో నొక్కితే అప్పడంలా పుటుక్కున విరిగింది. "చూడండి మేడమ్, సాకెట్లన్నీ ఒక్క 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ మీదే, ఒకదాన్నుంచి ఇంకోదానికి లూపింగ్ చేశారు. ఎంసీబీ కాపలా కాసేది ఈ తీగకి. దాన్ని 32 చేస్తే తీగ కాలాకే తెలుస్తుంది" అన్నాడు.

అప్పుడు కాగితం తీశాను. ఒక్కో వస్తువునీ తిరగేసి వెనక స్టిక్కర్ చూశాను. ఇండక్షన్ 2000 వాట్లు. కెటిల్ 1500. మిక్సీ 750. మైక్రోవేవ్ దగ్గర చిన్న మోసం ఉంది: ముందు 800 అని పెద్దక్షరాలు, అది తిండికి అందే వేడి. గోడలోంచి లాక్కునేది వెనక స్టిక్కర్‌లో ఉంది, 1200. మొత్తం 5450. మన సప్లై 230 వోల్టులు కాబట్టి, భాగిస్తే 23.7 ఆంప్స్. మన ఎండలకి, గోడలో పైపు లోపల పోయే 2.5 తీగలో కరెంటుని ఇరవై ఆంప్స్ దాటనివ్వకపోవడమే మేలు.

మరి రోజూ ఎందుకు పడలేదు? ఇక్కడే నాకు కాస్త భయం వేసింది. ఎంసీబీ తన అంకె దాటగానే పడేది కాదు. 13 శాతం ఎక్కువ పారినా గంటసేపు పడకూడదు, 45 శాతం ఎక్కువైతే గంట లోపల పడాలి, దాని తయారీ నియమమే అది. మా 16కి ఆ రెండు హద్దులూ 18.1, 23.2. మామూలు రోజుల్లో మైక్రోవేవ్ లేకుండా ఇండక్షన్, కెటిల్, మిక్సీ కలిస్తే 18.5. అంటే ప్రతి పొద్దునా పడీపడని చోట నడుపుతున్నాం. 32 వేసి ఉంటే మొదటి హద్దే 36 అయ్యేది.

వదులు స్క్రూ సంగతి ఇంకా ఘోరం. కరెంటు రెట్టింపైతే ఆ బిందువు దగ్గర వేడి నాలుగింతలు. వర్గం కదా. పదో తరగతి పిల్లలకి ఏటా బోర్డు మీద వర్గాలు వేయిస్తూనే ఉన్నాను.

మా ఆయన మాత్రం "బిల్లు ఎప్పుడూ పెద్దగా రాలేదే" అని ఒకటే వాదన. కెటిల్ అయిదు నిమిషాలు పనిచేస్తే యూనిట్‌లో ఎనిమిదో వంతు, బిల్లులో కనపడనే కనపడదు. బిల్లుకి ఎంతసేపు వాడామో కావాలి. తీగకి ఆ క్షణంలో ఎన్ని కలిశాయో కావాలి. రెండుసార్లు చెప్పాక ఒప్పుకున్నారు, లేక విసుగొచ్చి ఊరుకున్నారో.

కుర్రాడు డీబీ నుంచి ఇండక్షన్‌కి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగి, 20 ఆంప్స్ ఎంసీబీ పెట్టాడు. కాలిన సాకెట్ మార్చి, తీగని బాగున్న చోటు వరకూ కత్తిరించి మళ్లీ బిగించాడు. పాత లైను మీద ఇప్పుడు కెటిల్, మైక్రోవేవ్, మిక్సీ. కలిపితే 3450 వాట్లు, సరిగ్గా 15 ఆంప్స్. 16 దాటకపోయినా నాకు మనసు ఒప్పక, కెటిల్, మైక్రోవేవ్ ఒకేసారి వేయొద్దని ఇంట్లో చెప్పాను.

చెబితే గుర్తుండదని అల్మరా తలుపు లోపలి వైపు పెన్సిల్‌తో రాశాను: కెటిల్ 6.5, మైక్రోవేవ్ 5.2, మిక్సీ 3.3. రెండు రోజుల తర్వాత చూస్తే కింద అత్తయ్య చేతిరాత: రోలు 0.

ఆ ఊపులోనే కరెంటు బిల్లు తీసి చూశాను. మా కాంట్రాక్టెడ్ లోడ్, అంటే ఒకేసారి ఇంతవరకు వాడతామని కరెంటు ఆఫీసుతో ఒప్పుకున్నది, మూడు కిలోవాట్లు. ఉగాది పొద్దున వంటింట్లోనే అయిదున్నర, దాని పైన బాత్రూంలో గీజర్ ఇంకో రెండు. లోడ్ పెంచమని అప్లికేషన్ పెట్టే పని మా ఆయనకి అప్పజెప్పాను. ఇంకా పెట్టలేదు.