మరమనిషి అమ్మ, మొక్కుల అమ్మ

"నాకు వీసా ఎందుకమ్మా, అమెరికా పాస్‌పోర్టే ఉంది కదా" అని మా అమ్మాయి అన్నప్పుడు గదిలో అందరూ నవ్వారు, నేను తప్ప. జూన్ మొదటి వారం, మల్కాజిగిరిలో మా అమ్మ ఇల్లు. పదహారేళ్ళు నిండిన పిల్ల ఈ ఏడాదే కాలేజీలకు దరఖాస్తులు పెట్టుకోబోతోంది కనుక, తెల్లవారుజామునే చిలుకూరు తీసుకువెళ్ళి బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేయించాలని నేను అప్పటికే కారు కూడా మాట్లాడి పెట్టుకున్నాను. వీసా బాలాజీ అని పేరు పడ్డ దేవుడి దగ్గరకు వీసా అక్కరలేని పిల్లను తీసుకువెళ్ళడంలోని తమాషా నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. నవ్వులు ఆగాక తను ఏమాత్రం కోపం లేకుండా రెండో మాట అంది. "అది నీ ప్రోగ్రామింగ్ అమ్మా. నాది కాదు."

ఆ మాట ఎక్కడిదో నాకు తెలుసు. వారం రోజులుగా రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి తన లాప్‌టాప్‌ను హాల్లోని టీవీకి తగిలించి 'రైజ్డ్ బై వుల్వ్స్' అనే సీరియల్ చూపిస్తోంది. 2020లో మొదలై, రెండు సీజన్లు నడిచి, కథ తేలకుండానే 2022లో ఆగిపోయిన అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సీరియల్ అది. ఆరన్ గుజికౌస్కీ దాని సృష్టికర్త, మొదటి రెండు ఎపిసోడ్లకు దర్శకుడు రిడ్లీ స్కాట్. దేవుణ్ణి నమ్మేవారికీ నమ్మనివారికీ మధ్య జరిగిన యుద్ధంలో భూమి నాశనమయ్యాక, నమ్మనివారి పక్షాన ఉన్న ఒక శాస్త్రజ్ఞుడు మదర్, ఫాదర్ అనే ఇద్దరు మరమనుషులకు కొన్ని మానవ పిండాలను అప్పగించి, 600 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉన్న కెప్లర్-22బి అనే గ్రహానికి పంపిస్తాడు. పిల్లలను ఏ మతమూ అంటకుండా పెంచాలన్నది వారికి ఎక్కించిన ప్రోగ్రామ్. పుట్టిన ఆరుగురిలో ఐదుగురు పోయి కాంపియన్ అనే కుర్రవాడొక్కడే మిగులుతాడు. చిత్రమేమిటంటే ఆ మదర్ అసలు తల్లి కావడానికి తయారైనది కాదు. ఆమె శత్రుపక్షం చేసిన మారణాయుధం. దాన్ని ఆ శాస్త్రజ్ఞుడు చేజిక్కించుకుని, లోపలి రాత చెరిపి, తల్లిగా తిరగరాశాడు.

దాని మీద మా ఇంట్లో ఏకాభిప్రాయం కుదరలేదు. బయటి ప్రేక్షకుల్లోనూ కుదరలేదు. మదర్‌గా నటించిన డెన్మార్క్ నటి అమండా కాలిన్‌ను మెచ్చుకున్నవారే మొదటి సీజన్ ముగింపు చూసి నొసలు చిట్లించారు. ఆ ముగింపులో మరమనిషి అయిన మదర్ గర్భం దాల్చి, నోటి గుండా ఒక ఎగిరే పామును కంటుంది. మా అన్నయ్య అక్కడితో లేచిపోయాడు. "ఇల్లు బాగానే కట్టుకుంటూ వచ్చి, చివరికి చూరుకు పామును వేలాడదీశారు" అని తేల్చేశాడు. వదిన అభ్యంతరం మొదటి ఎపిసోడ్‌లోనే పుట్టింది. అందులో మదర్ నమ్మేవారి వ్యోమనౌకను కూల్చి, లోపలివారిని తన అరుపుతోనే నెత్తుటి ఆవిరి చేసి, పరాయివాళ్ళ పిల్లలను ఐదుగురిని ఎత్తుకువస్తుంది. "ఆ చేతులతోనే మళ్ళీ వాళ్ళకు అన్నం పెడితే తల్లి అయిపోతుందా" అని వదిన అడిగింది, ఆ తరువాత ఎన్ని ఎపిసోడ్లు నడిచినా ఆ ప్రశ్న దగ్గరి నుంచి కదలలేదు. డాలస్ నుంచి ఫోనులో తొంగిచూసిన మా వారికి మాత్రం ఫాదర్ నచ్చాడు. ఆ మరమనిషి పిల్లలకు పేలవమైన జోకులు చెబుతుంటాడు, వాళ్ళు నవ్వరు. "ఇంటి పరిస్థితిని ఉన్నదున్నట్టు చూపించారు" అన్నారు ఆయన.

అందరికంటే శ్రద్ధగా చూసింది మా అమ్మ. ఆ వారమే ఆవకాయ పెడుతున్నాం. టెంకతో సహా కొట్టించి తెచ్చిన ముక్కలను చాప మీద పోసుకుని, లోపలి జీడి తీసి, పొర గీకి, పొడిగుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తూ ఆమె టీవీ చూసేది. ఇంగ్లీషు సంభాషణలు అర్థం కానిచోట మనవరాలు పక్కన కూర్చుని తన సగం తెలుగులో చెప్పేది, చెబుతూనే తనూ ఒక గుడ్డ తీసుకుని ముక్కలు తుడిచేది. మదర్ శరీరం నుంచి గొట్టాలు వెళ్ళి తొట్లలోని పిండాలను పెంచే దృశ్యం వచ్చినప్పుడు నేను అమ్మ ముఖంలోకి చూశాను, జుగుప్స పడుతుందేమోనని. "నేతికుండల్లో నూటొక్కమందిని పెంచిన కథ విన్న చెవులే ఇవి" అని ఆమె మరో ముక్క అందుకుంది. ఎత్తుకొచ్చిన పిల్లలకు మదర్ సేవ చేస్తుంటే, "పాలిచ్చి చంపబోయింది పూతన, ఇది చంపి వచ్చి పాలిస్తోంది" అంది. ఇక పాము పుట్టిన రాత్రి, అన్నయ్య విసురుగా లేచిపోయాక, "కద్రువ వేయిమందిని కన్నది, దీనికి ఒక్కటి పుడితేనే వీడికి అంత కోపమా" అని నవ్వింది.

కద్రువ ఎవరని మా అమ్మాయి అడిగింది. అప్పుడు అమ్మ టీవీ ఆపించి భారతంలోని ఆదిపర్వం కథ చెప్పింది. కశ్యపుడి భార్యలిద్దరిలో కద్రువ వేయిమంది కొడుకులను కోరుకుంది, వినత ఇద్దరు చాలంది. ఐదు వందల ఏళ్ళకు కద్రువ గుడ్లు చిట్లి పాములు బయటికి వచ్చాయి. వినత గుడ్లు రెండూ అలాగే ఉన్నాయి. ఆగలేక ఆమె ఒక గుడ్డును తానే పగలగొట్టింది. నడుము దాకా రూపం కట్టి, తొడలు లేని కొడుకు బయటపడి, తొందరపడి నన్ను ఇలా చేశావు కనుక నీ సవతికి దాసీవి అవుతావని తల్లిని శపించాడు. రెండో గుడ్డునైనా ముట్టుకోకుండా ఇంకో ఐదు వందల ఏళ్ళు ఆగు, అందులోంచి వచ్చేవాడే నిన్ను విడిపిస్తాడని చెప్పి వెళ్ళిపోయాడు. "అన్నేళ్ళు ఆగింది కదా, ఇంకొంచెం ఎందుకు ఆగలేకపోయింది?" అని మా అమ్మాయి అడిగింది. "ఎదురుగా సవతి పిల్లలు ఆడుకుంటున్నారు కదమ్మా" అంది అమ్మ.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, అప్పటికే కొట్టి ఉంచిన ఆవపిండిని మళ్ళీ జల్లించడం మొదలుపెట్టాను.

మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు ఉగాది వేడుకల్లో వేదిక మీద శతక పద్యం చెప్పించాను. తనతోపాటు తెలుగు బడిలో చేరిన పిల్లలు అంతకు ముందే చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారన్నది తప్ప ఆ తొందరకు వేరే కారణం లేదు. మూడో పాదం దగ్గర పిల్ల ఆగిపోయింది. నేను తెర పక్క నుంచి పెదవులు కదిలించి అందించబోయాను, అందలేదు, కొంచెం గట్టిగా చెప్పాను, అది మైకులో పడి సభంతా వినిపించింది. జనం నవ్వింది నా గొంతు విని, కానీ ఆరేళ్ళ పిల్లకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఆ తరువాత నలుగురిలో తెలుగు మాట్లాడటం మానేసింది. అన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం సగంలో తెగి ఇంగ్లీషులోకి జారిపోతుంది. మా పిల్లకు తెలుగు రాదని పదేళ్ళుగా నేను నలుగురి దగ్గరా నిట్టూరుస్తూ వచ్చాను, ఆ మైకు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నిజానికి ఆ సీరియల్‌లో నన్ను ఎక్కువగా గుచ్చింది మదర్ కాదు, మార్కస్, స్యూ అనే జంట. వాళ్ళు నమ్మనివారి సైనికులు. ప్రాణాలు దక్కించుకోవడానికి నమ్మేవారి దంపతులను ఇద్దరిని చంపి, శస్త్రచికిత్సతో వాళ్ళ ముఖాలు తెచ్చుకుని, వాళ్ళ స్థానంలో ఆ వ్యోమనౌక ఎక్కుతారు. ఎక్కాక తెలుస్తుంది, ఆ దంపతులకు పాల్ అనే కొడుకు ఉన్నాడని. ఇక ఆ పిల్లవాడికి తల్లిదండ్రులుగా నటించక తప్పదు, నటిస్తూ నటిస్తూ ప్రేమించకా తప్పదు. ఆ భాగం చూస్తుండగా మా పదకొండేళ్ళ అబ్బాయి, హింస ఎక్కువని నేను నిషేధించినా షోకేసు అద్దంలో ప్రతిబింబం చూస్తూ కథంతా అనుసరిస్తున్నవాడు, గది అవతలి నుంచి గట్టిగా అన్నాడు. "అమ్మ కూడా హైదరాబాద్ వస్తే వేరే అమ్మ అవుతుంది."

కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. డాలస్‌లో నేను బొట్టు పెట్టుకునేది పండుగలకే, శనివారం ఏం తిన్నానో నాకే గుర్తుండదు, దీపం పెట్టే పని పొగ అలారం పేరు చెప్పి బ్యాటరీ దీపానికి అప్పగించాను. శంషాబాద్‌లో విమానం దిగగానే నాకు ఒక ముఖం వచ్చి అతుక్కుంటుంది. ఆ ముఖానికి నియమాలు ఉంటాయి, పిల్లలు పెద్దల కాళ్ళకు దండం పెట్టకపోతే అది చిన్నబోతుంది. ఈ ముఖం వేసుకున్న అమ్మ మంచిదా, అక్కడి అమ్మ మంచిదా అని మా అబ్బాయిని అడిగే ధైర్యం చేయలేదు.

ఇలాంటి సీరియళ్ళు పిల్లలతో కలిసి చూడండి, మధ్యమధ్యలో ఆపి మాట్లాడండి అని నా వయసు తల్లులకు సలహా ఇవ్వాలనే ఇది రాయడం మొదలుపెట్టాను. నేనూ ఒకసారి ఆపాను. ఎత్తుకొచ్చిన పిల్లలు తాము పుట్టిపెరిగిన మతం ప్రకారం ప్రార్థన చేస్తామంటే మదర్ ఒప్పుకోని సందర్భం అది. చూశావా, నమ్మకం లేకుండా పెంచడం కూడా ఒక బలవంతమే అని నాలుగు వాక్యాలు చెప్పాను. మా అమ్మాయి ఓపిగ్గా విని, "మదర్ కూడా ఇలాగే కథ ఆపి పాఠం చెబుతుందమ్మా" అంది. నేను పిల్లలకు దేవుణ్ణి చూపించాలని పట్టుబడుతున్నదాన్ని, మదర్ దేవుణ్ణి దాచాలని పట్టుబడుతున్నది. ఒకే పోలిక ఎలా కుదిరిందా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. తీరు ఒకటే కావచ్చు. అయితే సలహా ఇవ్వాల్సింది ఆపమనా, ఆపవద్దనా అన్నది ఇప్పటికీ తేలలేదు.

నా ప్రోగ్రామ్ రాసింది అమ్మే కనుక చిలుకూరు విషయంలో ఆమె నా పక్షాన నిలుస్తుందని నమ్మాను. 2004లో నేను అమెరికా వీసాకు వెళ్ళేనాటికి హైదరాబాద్‌లో కాన్సులేట్ లేదు, ఇంటర్వ్యూకు చెన్నై వెళ్ళాలి. వెళ్ళేముందు చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేయించింది అమ్మే. వీసా వచ్చాక తీర్చవలసిన నూట ఎనిమిది నేను తీర్చలేదు. తొమ్మిది రోజుల్లో ప్రయాణం, షాపింగ్, అప్పగింతలు. చివరికి అమ్మే నా పేరున మూడు విడతలుగా తిరిగి వచ్చింది. "మొక్కు నీది, మోకాళ్ళు నావి" అని ఇప్పటికీ అంటుంది. హుండీ లేని గుడి అది, డబ్బు ఇచ్చి తప్పించుకునే వీలు లేదు, కాళ్ళే చెల్లించాలి. అలాంటి అమ్మ, మనవరాలు వద్దనగానే, గుడ్డ దులుపుకుంటూ తేలికగా అనేసింది. "వద్దంటే వదిలెయ్యవే. నేనే వెళ్ళడం మానేసి ఆరేళ్ళయింది."

నాకు కోపం వచ్చింది, అది ఎవరి మీదో తెలియని కోపం. నేను 2004లో తీసుకువెళ్ళిన హైదరాబాద్‌ను ఎండ తగలకుండా, తేమ తగలకుండా ఇరవై ఏళ్ళు కాపాడుకుని పిల్లలకు వడ్డిస్తున్నాను. దాన్ని నాకు కట్టి ఇచ్చిన మనిషి ఈలోగా కూరగాయలు ఫోనులో తెప్పించుకుంటూ, పనిమనిషి పిల్ల ప్రేమపెళ్ళికి పట్టుచీర పెట్టి, మోకాళ్ళు వద్దన్న మొక్కులను మానేసి, హాయిగా ముందుకు వెళ్ళిపోయింది. ఆమెలోని రాత మారింది, నాకు ఎవరూ కబురు పెట్టలేదు.

అందరి ముందూ కారు వద్దని ఫోన్ చేసి చెప్పాను. పెద్దమనసు చేసుకున్నట్టు కనిపించాలని కొంచెం బిగ్గరగానే చెప్పాను.

నాలుగు రోజుల తరువాత బ్యాంకు పని ఉందని చెప్పి పొద్దున్నే బయలుదేరి ఒక్కదాన్నే చిలుకూరు వెళ్ళాను. పదకొండు తిరిగాను, పిల్ల పేరు చెప్పుకుని. ఏడో చుట్టులో ఒక అనుమానం వచ్చింది. తనకు సీటు వస్తే ఆ నూట ఎనిమిది ఎవరు బాకీ, తనకు తెలియని మొక్కుకు తనెలా బాధ్యురాలవుతుంది? ఆ అనుమానంలో లెక్క తప్పి, ఎందుకైనా మంచిదని ఇంకొకటి ఎక్కువ తిరిగాను. వచ్చేటప్పుడు నూట ఎనిమిది గళ్ళు ముద్రించిన కాగితం ఒకటి తీసుకుని మడిచి సంచిలో పెట్టుకున్నాను. కారు అద్దంలో చూసుకుని నుదుటి మీది కుంకుమ తుడుచుకున్నాను.

ఆ రాత్రి లాప్‌టాప్ తీగ కోసం వెతుకుతూ మా అమ్మాయి నా సంచి తెరిచింది. మడత విప్పి, ఖాళీ గళ్ళను కాసేపు చూసింది.

"ఇది ఎవరిది?"

"నాది" అన్నాను.

తను దాన్ని ఉన్న మడతలోనే మడిచి, తీసిన అరలోనే పెట్టి, జిప్పు లాగింది. "తీగ దొరకలేదు. అమ్మమ్మ ఎదురుచూస్తోంది, త్వరగా వెతికిపెట్టమ్మా" అంది.