ఒకే నేరానికి రెండు తూకాలు

హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ 1329 (సుమారు క్రీ.శ. 1919) నాటి నుంచి హిజ్రాలపై ఒక చట్టం ఉండేది. పోలీసు రిజిస్టరులోకి ఎక్కిన హిజ్రా ఆడవారి దుస్తులతోనో నగలతోనో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చనీ, రెండేళ్ల వరకు జైలుశిక్ష వేయవచ్చనీ అందులో ఉంది. తెలంగాణ హైకోర్టు 2023లో దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది.

స్వయంగా ఎంచుకున్న జెండర్‌ను ప్రభుత్వాలు గుర్తించాలని సుప్రీంకోర్టు 2014లో నాల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో చెప్పింది. ఆ తరువాత, 2019లో, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ కోసమంటూ పార్లమెంటు చేసిన చట్టం 18వ సెక్షన్‌లో, వారిపై లైంగిక హింసకు ఆరు నెలలకు తగ్గకుండా, రెండేళ్లకు మించకుండా శిక్ష అని రాశారు. స్త్రీపై అత్యాచారానికి భారతీయ న్యాయ సంహితలో కనీస శిక్షే పదేళ్లు. అంటే, చీర కట్టుకున్న నేరానికి ఒకనాడు హిజ్రాకు పడగలిగిన శిక్ష ఎంతో, ఆమె శరీరంపై దాడి చేసినవాడికి ఈ సెక్షన్ కింద పడే గరిష్ఠ శిక్ష అంతే. పాత శిక్షాస్మృతిలో ‘అసహజ’ లైంగిక చర్యలను నేరంగా చూసిన 377వ సెక్షన్ కొంతవరకైనా ఆసరాగా ఉండేది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన సంహితలో అదీ లేదు.

ట్రాన్స్ మహిళలకు హక్కులిస్తే స్త్రీల హక్కులకు గండి పడుతుందని కొందరు నిజాయితీగానే భయపడుతున్నారు. క్రీడల్లో అర్హత, జైళ్లలో వసతి వంటి విషయాలను విడివిడిగా చర్చించాల్సిందే. కానీ 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చిన వాదన చూడండి: పిల్లలను కనే శక్తి లేదు కాబట్టి ట్రాన్స్ మహిళ స్త్రీ కాదు, భర్త వేధించాడని, భార్యపై క్రూరత్వాన్ని శిక్షించే పాత శిక్షాస్మృతి 498ఏ సెక్షన్ కింద ఫిర్యాదు చేయడానికి ఆమెకు అర్హత లేదు. ఆధారాలు చాలక ఆ కేసును కొట్టివేసినా, ఈ వాదనను మాత్రం కోర్టు తిరస్కరించింది. తిరస్కరించకపోతే ఆ కొలత అక్కడితో ఆగేదా? గొడ్రాలని పేరంటాలకు పిలవని స్త్రీని, గర్భసంచి తీయించుకున్న స్త్రీని కొలిచేదీ అదే కొలత కదా!

మార్గం కొత్తగా వెతకనక్కరలేదు. అత్యాచార బాధితులు ఏ జెండర్‌వారైనా కావచ్చనీ, నిందితుడి స్థానంలో మాత్రం పురుషుడే ఉండాలనీ ఢిల్లీ సామూహిక అత్యాచారం తరువాత చట్టాల సవరణకు వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013లోనే ముసాయిదా రాసి ఇచ్చింది. స్త్రీలపై ఎదురు కేసులు పెడతారన్న ఆందోళనకూ అందులో జవాబుంది. సంహితలో ఆ సవరణ చేసి, 18వ సెక్షన్‌లోని లైంగిక హింస నిబంధనను తొలగించాలి.