గుమ్మం మీద సింహముఖి

లండన్ వచ్చి మూడేళ్లయినా బాండ్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలు మారడమే తప్ప ఎప్పుడూ పైకి ఎక్కలేదు. నైట్ డ్యూటీలు చేసే నర్సుని, అంత ఖరీదైన వీధిలో నాకేం పని అనుకునేదాన్ని. మొన్న ఆఫ్ రోజున నిద్ర పట్టక వెళ్లాను.

న్యూ బాండ్ స్ట్రీట్ నగల షాపుల అద్దాల్లో చాలావాటికి ధర చీటీ కూడా కనపడదు. ప్రతి గుమ్మం దగ్గరా నల్ల సూటులో సెక్యూరిటీ మనిషి. ఒక పెద్దాయన పలకరించాడు. ఘానా నుంచి వచ్చాడట, పన్నెండు గంటల షిఫ్టు. కాళ్ల నొప్పుల దగ్గర మా మాటలు ఇట్టే కలిశాయి. "అదుగో, ఆ వేలం సంస్థలోకి వెళ్లి చూడండి, టికెట్ లేదు" అని సోథబీస్ వైపు చూపించాడు.

దాని గుమ్మం పైన నల్లరాతి శిల్పం ఉంది. ఈజిప్టు దేవత సెఖ్మెత్, ఆడ సింహం ముఖం, మూడు వేల ఏళ్లకు పైబడినది. రోగాలు పంపేదీ, నయం చేసేదీ ఆవిడేనని నమ్మేవారట. అప్రయత్నంగా దణ్ణం పెట్టుకున్నాను.

లోపల వేలానికి రాబోయే బొమ్మలు పెట్టారు. పక్కనే పౌండ్లలో అంచనా ధర. నేను ఒక చిన్న చిత్రం ముందు ఆగిపోయాను: కిటికీ, తెల్లటి గిన్నె, పొద్దుటి వెలుగు. వార్డులో ఆరింటికి పరదా తీసినప్పుడు పడే వెలుగు అదే. మ్యూజియంలో బొమ్మయితే మళ్లీ వచ్చి చూసుకోవచ్చు. ఇది వేలం అయ్యాక ఎవరింటికి పోతుందో, మళ్లీ ఎవరి కంట పడుతుందో. అందుకే అరగంట నిలబడ్డాను. ఎవరూ ఏమీ అడగలేదు.

అక్కణ్ణుంచి కార్క్ స్ట్రీట్ గ్యాలరీలు చూశాను. వాటిలోకీ ఊరికే వెళ్లొచ్చు. పక్కనే బర్లింగ్టన్ హౌస్‌లో రాయల్ అకాడమీ అనే కళాకారుల సంస్థ. 1769 నుంచి ఏటా జరిగే వాళ్ల వేసవి ప్రదర్శనకు పేరున్నవాళ్లే కాదు, రుసుము కట్టి ఎవరైనా తమ బొమ్మ పంపవచ్చు. ఈ సంగతి నాకు చాలా నచ్చింది.

తిరిగి వస్తుంటే పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నాడు. "ఏం చూశారు?" అన్నాడు. తను ఒక్కసారీ లోపలికి వెళ్లలేదట, డ్యూటీ దిగేసరికి వాళ్లు తలుపులు మూసేస్తారు. ఫోన్‌లో ఆ కిటికీ బొమ్మ ఫొటో చూపించాను. గ్లవ్ తీసి, వేళ్లతో పెద్దది చేసి, గిన్నె అంచు మీద పడ్డ వెలుగుని చాలాసేపు చూశాడు.