పన్నెండో నంబరు టోను

రిసెప్షన్లలో కీబోర్డు వాయించేవాళ్లకి వైబ్రాఫోన్ అంటే (లోహపు పట్టీల మీద కొట్టి వాయించే వాద్యం) 12వ నంబరు టోను, అంతే. జనరల్ మిడీ, అంటే టోన్లకి అందరూ ఒకే నంబర్లు వాడే పద్ధతి ఉన్న ఏ కీబోర్డులోనైనా అదే నంబరు. విశాఖలో గాజువాక ఫంక్షన్ హాళ్లలో పాత మెలొడీ పడితే పాట ముందొచ్చే ప్రిల్యూడ్‌కి నేనూ అదే నొక్కుతాను. అసలు వాద్యం నాకు చెవికెక్కింది మాత్రం మోడరన్ జాజ్ క్వార్టెట్ అనే నలుగురి జాజ్ బృందం వాళ్ల 'ఆడ్స్ అగైన్‌స్ట్ టుమారో' ఆల్బమ్‌తో. ప్రోగ్రాం అయి సీతమ్మధార చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. అప్పుడు వినాలి దాన్ని.

ఆ పేరు 1959లో రాబర్ట్ వైజ్ తీసిన సినిమాది. సంగీతం ఈ క్వార్టెట్ పియానిస్టు జాన్ లూయిస్‌దే. సినిమాకి పెద్ద ఆర్కెస్ట్రా పెట్టుకున్నాడు. ఆ బాణీల్లోంచే ఆరు తీసుకుని అదే ఏడు నలుగురితో మళ్లీ వాయించాడు. పియానో, బేస్, డ్రమ్స్, మిల్ట్ జాక్సన్ వైబ్రాఫోన్.

వైబ్రాఫోన్‌లో అల్యూమినియం పట్టీల కింద గొట్టాలుంటాయి. గొట్టాల మూతి దగ్గర చిన్న రేకులు మోటారుతో తిరుగుతుంటాయి. స్వరంలో ఊపు వచ్చేది అందుకే. జాక్సన్ ఆ మోటారుని బాగా నెమ్మదిగా తిప్పేవాడు. దాంతో స్వరం వణకదు, నిదానంగా ఊగుతుంది. నా కీబోర్డులో టోను ఏ పాటకైనా ఒకేలా వణుకుతుంది పాపం.

సినిమా బ్యాంకు దోపిడీ కథ. అందులో జూదం అప్పుల్లో మునిగిన తండ్రి ఒకడు, కూతురితో పార్కుకి వెళ్తాడు. ఆ పార్కు బాణీ 'స్కేటింగ్ ఇన్ సెంట్రల్ పార్క్' మూడు దెబ్బల తిస్రంలో నడుస్తుంది. జాక్సన్ మోగిస్తుంటే లూయిస్ రెండు మూడు స్వరాలు వేసి ఊరుకుంటాడు. అదే మా స్టేజీ మీదైతే "గ్యాప్ రానీకు గురూ" అని ఆర్గనైజర్ వెనకనుంచి ఒకటే గోల. గ్యాప్ వస్తే భోజనాల ప్లేట్ల చప్పుడు మైకులో పడుతుందని ఆయన టెన్షన్. అదీ నిజమేలెండి.

ఆల్బమ్ అంతా ఒకే ఎత్తున లేదు. 'క్యూ నంబర్ 9' అయితే (క్యూ అంటే సినిమాలో ఒక సీనుకి వేసే సంగీతం ముక్క), పేరుకి తగ్గట్టే, తెర మీద బొమ్మ లేకుండా నిలబడలేదనిపిస్తుంది నాకు.

సినిమా ఆర్కెస్ట్రాలో పియానో బిల్ ఎవాన్స్, గిటారు జిమ్ హాల్. 1962లో వాళ్లిద్దరే కూర్చుని ఆ 'స్కేటింగ్' మళ్లీ రికార్డు చేశారు. ఇద్దరే వాయించినా బాణీ ఎక్కడా పలచబడలేదు. ఈ సంగతి మా ఆర్గనైజర్‌కి తెలియకూడదు, వచ్చే ముహూర్తాలకి ఇద్దరు చాలంటాడు.